అప్పన్న చేతిది

గునపం మొన నారింజ రంగుకి తిరగ్గానే గోవిందరాజులు దాన్ని కొలిమిలోంచి లాగి దాగలి మీద పెట్టి కొట్టడం మొదలుపెట్టాడు. కొబ్బరికాయలు ఒలిచే గునపం అది. నేలలో పాతి, మొన మీద కాయని గుచ్చి తిప్పితే పీచు ఊడి రావాలి. మొన సన్నమైతే వంగిపోతుంది, మందమైతే ఒలిచేవాడి భుజం పడిపోతుంది. రోజుకి వెయ్యి కాయలు ఒలిచేవాళ్ళ భుజాలు తన సుత్తి దెబ్బ మీద ఆధారపడి ఉన్నాయని అతనికి తెలుసు. వాళ్ళకి తెలియదు. తెలిసినా మర్యాద ఇస్తారన్న ఆశ అతనికి లేదు.

అతనికి అరవై అయిదేళ్ళు. పొట్టి మనిషి. ఎప్పుడో నిప్పురవ్వ పడి ఎడమ కనుబొమ్మ సగం కాలిపోయింది, మళ్ళీ మొలవలేదు. మోచేతుల దాకా చిన్న చిన్న కాలిన మచ్చలు. కళ్ళజోడు ఒక పక్క కాడ విరిగితే దారంతో చెవికి కట్టుకున్నాడు. ఇనుముని అతుకు పెట్టగల మనిషి తన కళ్ళజోడు మాత్రం బాగుచేసుకోడు. అదేమిటని భార్య బుచ్చమ్మ అడిగితే, నా మొహం చూసేదెవరు, చూసి మెచ్చేదెవరు అంటాడు.

జొన్నాడలో అందరూ మర్యాదస్తులే. అండీ లేకుండా ఎవరూ నోరు విప్పరు. ఆ అండీతోనే మనిషిని కొరుక్కు తింటారు. 'పిస్తోలు ఆచారిగారండీ, మా కొడవలి అయ్యిందాండీ' అని అడుగుతారు. అతను కొడవలిని వాళ్ళ కాళ్ళ ముందుకి విసురుతాడు. తీసుకుని వెళ్ళిపోతారు. ఇది అతని పదమూడో ఏటి నుంచి జరుగుతున్నదే.

అప్పట్లో, వరద తీశాక, ఊరి దగ్గర లంక భూమిలో హద్దుల గొడవ జరిగింది. ఆ గొడవలో ఒక రైతు గుండెల్లో గుండు దిగి చచ్చిపోయాడు. ఆయన కూతురు కామేశ్వరి అప్పటికి తల్లి కడుపులో ఉంది. కాల్చింది ఎవరో తేలలేదు. మూడోనాడు పొద్దున్నే గోవిందరాజులు తండ్రి అప్పన్న రేవులో మొహం కడుక్కుంటూ ఉంటే ఇసకలో పిస్తోలు కనిపించింది. తువ్వాల్లో చుట్టి తీసుకెళ్ళి పోలీసులకి ఇచ్చాడు. అది తీసుకున్న రైటరు పంచనామాలో ఇలా రాశాడు: 'నాటు పిస్తోలు ఒకటి, కమ్మరి అప్పన్న చేతిది.'

అప్పన్న చేతి నుంచి అందుకున్నది అని ఆ రైటరు ఉద్దేశం. కాని కమ్మరి పనిలో చేతిది అంటే వేరు. కత్తి తీసుకోగానే తిప్పి చూసి, ఇది ఎవరి చేతిదండి అని అడుగుతారు. ఎవరు చేశారని అర్థం. పంచనామా చదివి వినిపించినప్పుడు చుట్టూ నిలబడ్డవాళ్ళంతా కత్తులూ కొడవళ్ళూ వాడేవాళ్ళే. తమకు తెలిసిన అర్థమే విన్నారు. అప్పన్న వేలిముద్ర వేశాడు. పందొమ్మిది రోజులు స్టేషన్లో ఉండి వచ్చాడు. కేసు కొట్టేశారు గాని ఆ మాటని ఎవరూ కొట్టెయ్యలేదు. పని ఇచ్చే ఇళ్ళు సగానికి సగం మానుకున్నాయి. మూడేళ్ళు తిరక్కుండా అప్పన్న పోయాడు.

చేసినవాడైతే తీసుకెళ్ళి పోలీసులకి ఇస్తాడా? గోవిందరాజులు జీవితమంతా అడిగిన ప్రశ్న ఇదొక్కటే. కిళ్ళీ కొట్టు దగ్గర అడిగాడు, పెళ్ళిళ్ళలో అడిగాడు, బావమరిదిని చొక్కా పట్టుకుని అడిగాడు. ఒకసారి కామేశ్వరి తల్లి కొట్టు ముందు నుంచి పోతూ, ఈ కొలిమిలోనే నా బతుకు కాలిపోయిందని పక్కావిడతో అంది. అతను బయటికి రాకుండానే దాగలి మీద అరచెయ్యి ఆన్చి ఊరు వినేలా చెప్పాడు, ఆ పిస్తోలు మీద మా నాన్న చెయ్యి గోరంత కూడా పడలేదని. దాగలి మీద అబద్ధమాడితే చేతిపని పోతుందని వాళ్ళ ఇంట్లో నమ్మకం. అది ఊళ్ళోవాళ్ళకీ తెలుసు. దాంతో కొందరు అతని వైపు తిరిగారు. ఆవిడే లేనిపోనివి అంటోందని, మొగుడు పోయిన దగ్గర్నుంచీ మతి సరిగ్గా లేదని చెప్పుకున్నారు. ఇదంతా జరిగి ఇరవై రెండేళ్ళయింది. ఆవిడ పోయి పదకొండేళ్ళు. కామేశ్వరి ఇంటి కత్తులు ఈనాటికీ వంతెన దాటి రావులపాలెం వెళ్ళి పదును పెట్టించుకుని వస్తాయి.

తొమ్మిది గంటలకి కొట్టు ముందు కారు ఆగింది. దిగినవాడు శ్యామ్ సుందర్. అమలాపురంలో ఒక కాలేజీలో చరిత్ర చెబుతాడు. జిల్లా పాత వస్తువులతో ప్రదర్శన పెడుతున్నాడు. కోర్టు సామాన్ల గదిలో పడి ఉన్న ఆ పిస్తోలుని అనుమతులు తెచ్చుకుని, పేలకుండా గొట్టంలో సీసం పోయించి, అద్దాల పెట్టెలో పెట్టించాడు. పదిరోజుల కిందటే వచ్చి చెప్పి వెళ్ళాడు.

అది ఎక్కడిదో ఎవరికీ తెలియదట. అంకె లేదు, ముద్ర లేదు. యానాం ఫ్రెంచివాళ్ళు వదిలిపోయిందని ఒకరు, కాకినాడ రేవులో ఓడవాళ్ళు అమ్ముకున్నదని ఒకరు, ఏజెన్సీ కొండల మీద నుంచి దిగిందని ఒకరు రాశారట. రాసిందంతా కలిపినా ఒక పేజీ నిండదు. కాగితం మీద దొరికే ఆధారం ఒక్కటే, ఆ పంచనామా. దాన్నిబట్టి ఇది అచ్చంగా కోనసీమ పిస్తోలని, అప్పన్నే దాన్ని చేశాడని శ్యామ్ సుందర్ వ్యాసం రాసి అచ్చు వేయించాడు. ఇప్పుడు అప్పన్న కొడుక్కి శాలువా కప్పుతాడట.

తిట్టడానికి వాడిన మాటే పొగడటానికి పనికొచ్చిందని తెలిసిన రోజున గోవిందరాజులు ఆ లెక్చరర్ని కొట్టబోయాడు. బుచ్చమ్మ అడ్డం పడింది. యాభై ఏళ్ళు తిట్లు పడ్డాం, ఒక పూట పొగిడించుకుంటే మన సొమ్మేం పోయిందండి అని ఆమె వాదన. ఆమె ఇస్త్రీ చేయించి ఉంచిన తెల్ల చొక్కా ఇవాళ వేసుకున్నాడు. శాలువా కోసం కాదు. ఆ పిస్తోలుని అతను ఎన్నడూ చూడలేదు. ఒక్కసారి చేతిలో పట్టుకుంటే అది తండ్రి పనో కాదో చెప్పగలనని అతని నమ్మకం. చెప్పి, నలుగురి ముందూ ఆ చేతిది అన్న మాట తీయించాలి. ఇక తన తండ్రికి జరగాల్సిన కర్మ అదొక్కటే మిగిలిందని అనుకున్నాడు.

కారు వంతెన దాటింది. కొత్తపేట దాటాక శ్యామ్ సుందర్ ఫోటోలకి ఎలా నిలబడాలో చెప్పబోయాడు. గోవిందరాజులు కిటికీ వైపు తిరిగి కాలవలో నాచు చూస్తూ కూర్చున్నాడు.

కాలేజీ హాల్లో బల్లల మీద పాత రాగి చెంబులు, తాటాకుల కట్టలు, మగ్గం ముక్కలు, తూనికరాళ్ళు. మధ్యలో అద్దాల పెట్టె. దాని ముందు అట్ట ముక్క మీద పెద్ద అక్షరాలు: 'జొన్నాడ పిస్తోలు. కమ్మరి అప్పన్న చేతిది.' ఒక విలేకరి, ఇద్దరు అధికారులు, ముప్పై మంది పిల్లలు. వాళ్ళలో ఎవరి మొహంలోనూ ద్వేషం లేదు. అదే అతనికి ఎక్కువ ఒళ్ళు మండించింది. ఒక మనిషిని చంపిన వస్తువుని వీళ్ళు జాతరలో బొమ్మని చూసినట్టు చూస్తున్నారు.

శ్యామ్ సుందర్ పెట్టె తెరిచి, ఫోటో కోసమని పిస్తోలు తీసి అతని చేతుల్లో పెట్టాడు. జానెడున్నర పొడుగు. నోటి నుంచి మందు కూరే రకం. గొట్టం బయటివైపు ఎనిమిది పలకలు. ఒక్కో పలక మొదలు నుంచి చివరి దాకా వెడల్పు మారకుండా వచ్చింది. పిడి చివర ఇత్తడి బిళ్ళ మీద అరిగిపోయిన పువ్వు. గోవిందరాజులు వేలి కొసతో పలక అంచుని తడిమాడు. ముందు అతనికి కలిగింది అసూయ. ఇది చేసినవాడు యానాం వాడో కాకినాడ వాడో గాని, తనకన్నా పనిమంతుడు.

"ఇంత పని మా నాన్నకి రాదండి" అన్నాడు.

శ్యామ్ సుందర్ నవ్వుతూనే మళ్ళీ చెప్పమన్నాడు. గోవిందరాజులు విలేకరికి వినబడేలా చెప్పాడు. మా నాన్నది మొరటు పని. కొడవలి వంచితే వంపు రెండు చోట్ల విరిగినట్టుండేది. ఆయన కొట్టిన పార పిడిలో కుదురుగా నిలిచేది కాదు. కడుపు నింపింది గాని మెప్పించిన పని కాదు ఆయనది. ఎనిమిది పలకలు కాదు కదా, నాలుగు పలకల మేకు కూడా సరిగ్గా వచ్చేది కాదు. ఇన్నేళ్ళలో తండ్రి గురించి అంత నిజం అతను ఎవరికీ చెప్పలేదు, భార్యకి కూడా. తండ్రిని నిర్దోషి అనిపించడానికి చేతకానివాడని చెప్పాల్సి వచ్చింది. అయినా ఆపలేదు.

శ్యామ్ సుందర్ మొహంలో నవ్వు పోయింది. వ్యాసం అచ్చయిపోయిందని, పంచనామాలో స్పష్టంగా ఉందని, కొడుకు మాట చరిత్రకి సాక్ష్యం కాదని అన్నాడు. చేతిది అంటే చేతి నుంచి తీసుకున్నదని గోవిందరాజులు చెప్పాడు. అధికారుల్లో పెద్దాయన, పాత కాగితాల్లో స్వాధీనం గురించి అలాగే రాసేవారండి, నేను చూశాను అన్నాడు. ఇక తప్పలేదు. శ్యామ్ సుందర్ అట్ట ముక్క తీసేసి, కొత్తది తెప్పించి, పెన్నుతో రాయడానికి వంగాడు. 'తయారీ: తెలియదు.' శాలువా తీసుకొచ్చిన కుర్రలెక్చరర్ సంగతి గ్రహించి దాన్ని మళ్ళీ ప్లాస్టిక్ కవర్లో పెట్టేశాడు.

యాభై మూడేళ్ళు పోరాడినది అయిదు నిమిషాల్లో అయిపోయింది. గోవిందరాజులు చేతిలో పిస్తోలు ఇంకా ఉంది. ఏమీ తోచక, బొటనవేలితో దాని గుర్రాన్ని వెనక్కి లాగాడు. మీట నొక్కగానే ఎగిరి వచ్చి మందు మీద కొట్టే ముక్కని గుర్రం అంటారు. అది గొట్టం చేసిన చేతి పని కాదు. తరవాత ఎవరో వేసింది. మొరటుగా ఉంది, పిట్ట ముక్కులా వంగి ఉంది. దాని పక్క మీద, ఇనుముని అరగదీసే ఆకురాయి పెట్టిన చాళ్ళు కుడి నుంచి ఎడమకి వాలి ఉన్నాయి.

అప్పన్నది పుర్రచేతి వాటం. ఆకురాయి ఎడమచేత్తో పట్టేవాడు. ఆయన చాళ్ళు లోకంలో అందరి చాళ్ళకీ ఎదురు వాలేవి. ఆ చాళ్ళు చూస్తూ పని నేర్చుకున్న గోవిందరాజులుకి వాటిని చూసి పోల్చుకోవడానికి వెలుతురు కూడా అక్కర్లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. వరద ఏడు, వాన పడుతున్న మధ్యాహ్నం. తండ్రి వీధి వైపు వీపు పెట్టి చిన్న ముక్కకి ఆకురాయి పెడుతున్నాడు. ఏంటి నాన్నా అది అని అడిగితే, గడియ ముక్కరా, నువ్వెళ్ళి అన్నం తిను అన్నాడు. పిట్ట ముక్కులా ఉంది. తను వెళ్ళి అన్నం తిన్నాడు.

చేసినవాడైతే తీసుకెళ్ళి ఇస్తాడా? ఇస్తాడు. ఇసకలో దాన్ని చూడగానే తన పని గుర్తుపట్టి ఉంటాడు. గోదాట్లోకి విసరడానికి చెయ్యి రాలేదు, నిజం చెప్పడానికి నోరు రాలేదు. రెంటికీ మధ్య తువ్వాల్లో చుట్టి పట్టుకెళ్ళాడు. ఎవరో తెచ్చిచ్చిన విరిగిన పిస్తోలుకి ముక్క వేసి ఇచ్చాడు, అంతే. అది ఎవరి మీదికి పోతుందో ఆయనకి తెలిసే ఉండదు. తెలిసి ఉండదనే గోవిందరాజులు అనుకున్నాడు. అనుకోవడం తప్ప ఇప్పుడు అడగడానికి ఎవరూ లేరు.

శ్యామ్ సుందర్ రాయడం ముగించి, ఇంకేమైనా ఉందా అని విసురుగా అడిగాడు. ఏమీ లేదండి అన్నాడు గోవిందరాజులు. పిస్తోలు పెట్టెలో పెట్టాడు. వెనక్కి కారు ఇస్తామన్న మాట ఎవరికీ గుర్తు రాలేదు.

బస్సులో రావులపాలెం దాకా కిటికీ పక్కనే కూర్చున్నాడు. ఎండ మొహాన కొడుతున్నా జరగలేదు. ఎవరికీ తెలియదు. తెలిసే దారీ లేదు. ఆ చాళ్ళు చదవగలవాడు భూమ్మీద తనొక్కడే. తండ్రి పేరు ఇవాళ కడిగేశారు, రేపు పేపర్లో కూడా వస్తుంది. నోరు మూసుకుని ఉంటే చాలు. కాని దాగలి మీద చెయ్యి పెట్టి ఒక ముసలిదాన్ని పిచ్చిదాన్ని చేసింది తండ్రి కాదు, తను. అది ఏ అట్ట ముక్క మీదా లేదు. రావులపాలెంలో ఆటో ఎక్కి వంతెన మీదికి వచ్చేసరికి ఎడమ భుజం లాగుతోంది. పని నొప్పి అనుకున్నాడు. తండ్రి మీద కోపం అతనికి అప్పుడు మొదటిసారి వచ్చింది. అంత కోపం ఊరి మీద కూడా ఎన్నడూ రాలేదు.

ఇంటికి వెళ్ళకుండా తిన్నగా కామేశ్వరి ఇంటికి వెళ్ళాడు. ఆమె అరుగు మీద కొబ్బరిముక్కలు ఎండబెడుతోంది. యాభై దాటిన మనిషి, తండ్రి ఫోటో తప్ప తండ్రిని ఎరగదు. గేటు దగ్గర అతన్ని చూసి చేతిలో చేట కింద పెట్టింది. రమ్మనలేదు, కూర్చోమనలేదు. అతను మెట్ల కిందే నిలబడ్డాడు.

"అమ్మా, ఇవాళ నేనా పిస్తోలు చూసేనండి. గొట్టం మా నాన్న చేతిది కాదండి. గుర్రం మాత్రం ఆయనదే."

ఆమె అరుగు అంచు దాకా వచ్చింది. "గుర్రం లేకపోతే పేలదాండి?"

"పేలదండి."

అతను అక్కడితో ఆగలేదు. అప్పట్లో దాగలి మీద చెప్పింది తప్పని, తెలియక చెప్పానని, మీ అమ్మగారే నిజం అన్నారని చెప్పాడు. ముందే నాలుగుసార్లు మనసులో అనుకుని వచ్చిన మాటలు కావడంతో గబగబా వచ్చేశాయి.

"మా అమ్మ పోయి పదకొండేళ్ళయిందండి. ఇప్పుడు చెప్తున్నారు" అంది కామేశ్వరి. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. గడియ పడ్డ చప్పుడు అతనికి వినబడింది.

బుచ్చమ్మకి సంగతి చెబితే ఆమె నెత్తి కొట్టుకుంది. దేవుడిచ్చిన మంచి రోజుని మీ చేత్తో మీరే కాల్చుకున్నారు, ఆవిడ రేపు ఊరంతా చాటుతుందండి అంది. అతను తెల్ల చొక్కా విప్పి మేకుకి తగిలించి, పొద్దున్న ఆపిన గునపాల పని పట్టుకున్నాడు. చాటితే చాటనీ అన్నట్టు మొండిగా కొట్టాడు. దెబ్బ మాత్రం రోజూ పడ్డట్టు పడలేదు.

అయిదింటికి కొట్టు ముందు కామేశ్వరి నిలబడి ఉంది. ఒక్కతే వచ్చింది. చంకలో కత్తిపీట. పాత చింతచెక్క పీట, మధ్యలో నల్లబడిన కత్తి, కత్తి కొసన కొబ్బరి కోరుకునే పళ్ళు. వీధిలో పోతున్నవాళ్ళు ఆగి చూశారు. ఆ ఇంటి మనిషి ఆ గడపలో నిలబడటం వాళ్ళలో ఎవరూ ఎరగరు.

ఆమె కత్తిపీటని దాగలి పక్కన పెట్టింది. "ఇది మా అమ్మదండి. మిమ్మల్ని క్షమించేనని అనుకోకండి ఆచారిగారూ. కత్తిపీట తెగట్లేదు, అంతే."

"ఆయ్" అన్నాడు గోవిందరాజులు. 

ఆమె వెళ్ళాక అతను కొలిమి చల్లారనిచ్చాడు. దీనికి నిప్పు అక్కర్లేదు. తడిపిన సానరాయి తీసుకుని, పీటని రెండు కాళ్ళ మధ్య బిగించి, కత్తి మొదలు నుంచి నూరసాగాడు. జీవితంలో ఏ పనీ అంత నెమ్మదిగా చెయ్యలేదు. ఆగి చూస్తున్నవాళ్ళలో ఒకడు ఏదో అడగబోతే తలెత్తకుండానే పొమ్మని చెయ్యి ఊపాడు. తుప్పు కిందనుంచి తెల్లటి అంచు బయటికి రావడం చూసి అతనికి సంతోషం కలిగింది. అది బుచ్చమ్మకి చెప్పాలనిపించి పిలిచాడు. ఆమె టీ పెడుతున్నాను, వస్తున్నానని లోపలి నుంచి అంది.

టీ గ్లాసుతో వచ్చేసరికి అతను వెనక స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. సానరాయి ఒళ్ళో ఉంది. ఆమె గ్లాసు పక్కన పెట్టి, చల్లారిపోతుంది తాగండి అంది. మళ్ళీ అంది. ఆ తరవాత భుజం పట్టుకుని కదిపింది.

మర్నాడు పరామర్శకి ఊళ్ళో చాలామంది వచ్చారు. మర్యాదస్తులు కదా, అందరూ అండీ పెట్టే మాట్లాడారు. పేపర్లో అమలాపురం ప్రదర్శన గురించి నాలుగు వాక్యాలు వచ్చాయి. అందులో అప్పన్న పేరు లేదు, గోవిందరాజులు పేరూ లేదు. పిస్తోలు ఎక్కడిదో తెలియదని రాశారు. గుర్రం సంగతి ఊళ్ళో ఎవరూ ఎత్తలేదు. కామేశ్వరి ఎవరికీ చెప్పలేదని బుచ్చమ్మకి దాన్నిబట్టి తెలిసింది.

పన్నెండు రోజులు గడిచాక బుచ్చమ్మే ఆ ఇంటికి కబురు పంపింది, సామాను తీసుకెళ్ళమని. ఉండనివ్వండి అని జవాబు వచ్చింది.

కొట్టు తలుపు తీసినప్పుడల్లా స్తంభం పక్కన కనిపిస్తుంది, సగం దాకా తెల్లగా మెరుస్తూ, మిగతా సగం తుప్పుతో, ఆ కత్తిపీట.